మెట్‌పల్లిలో ఫైనల్ రాత్రి

నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు నల్లరాతి గుట్టలు దాటగానే పొలాల రంగు మారుతుంది. డిసెంబరు మాసంలో రోడ్డుకు ఇరువైపులా ఎర్రజొన్న చేలు, మక్క చేలు, ఆకు పండుబారుతున్న పసుపు తోటలు కనిపిస్తాయి. మోర్తాడు, కమ్మర్‌పల్లి దాటితే మెట్‌పల్లి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లాలో చేరింది. ఖద్దరు నేతకు, పసుపు మార్కెట్టుకు పేరున్న పట్టణం. 2017లో పెద్దపల్లి–నిజామాబాదు మార్గం పూర్తయ్యాక రైలు కూడా వచ్చింది. కాని ఈ ఊరివారిలో చాలామందికి రైలు కన్నా ముందే విమానం పరిచయమైంది.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఆర్మూరు, నిర్మల్ – ఈ ప్రాంతంలో గల్ఫ్‌కు వెళ్ళినవారు లేని వాడ దొరకడం కష్టం. ఖతర్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా, సౌదీ వెళ్ళినా ఇక్కడ అందరూ ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. కఫీల్, అకామా, వీసా అనే మాటలు బడి ముఖం చూడని ముసలమ్మలకు సైతం తెలుసు. కఫీల్‌ను వదిలేసి బయట దొంగచాటుగా పనిచేసుకునేవాణ్ణి ‘ఖల్లివెల్లి’ అంటారు. మదరసాలో ఏళ్ళ తరబడి అరబీ వ్యాకరణం బోధిస్తున్న నాకు ఇది చూస్తే ఒక్కొక్కసారి ముచ్చట వేస్తుంది. మా విద్యార్థులు రెండేళ్ళకు పలకగలిగే మాటలు వీరు క్యాంపులో రెండు నెలల్లో పలుకుతారు. వ్యాకరణం మాత్రం అడగకూడదు!

2022 డిసెంబరు 18, ఆదివారం నాడు నేను మెట్‌పల్లిలో మా ఆపా ఇంటికి వెళ్ళాను. ఆ రోజు ఖతర్ జాతీయ దినోత్సవం. అదే రాత్రి దోహాకు ఆనుకొని ఉన్న లుసైల్ నగరంలో ప్రపంచకప్పు ఫుట్‌బాల్ అంతిమ పోటీ, అర్జెంటీనాకూ ఫ్రాన్సుకూ మధ్య. మా ఆపా కొడుకు మూడు రోజుల ముందే ఫోను చేసి, “మామూ, ఆ రాత్రి మీరు మా ఇంట్లోనే ఉండాలి” అన్నాడు. ఎందుకని అడిగితే, “నా ఒక్కడితో కాదు” అన్నాడు.

నిజానికి మెట్‌పల్లి క్రికెట్టు ఊరు. కోతలైన మడిలోనైనా, మార్కెట్టు యార్డు ఖాళీగా ఉన్న రోజైనా పిల్లల చేతుల్లో కనిపించేది బ్యాటే. హైదరాబాదు సంగతి వేరు. ఉపాధ్యాయుడిగా జీవితం ప్రారంభించి శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం సాధించిన భారత జట్టుకు కూడా ఆయనే గురువు. అప్పటికే క్యాన్సరు ఆయన శరీరాన్ని తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఆయన పేరు చెప్పకుండా ముందుకు సాగలేను. కాని ఆ గాలి మెట్‌పల్లి దాకా వీచలేదు. ఇక్కడికి ఫుట్‌బాల్ గల్ఫ్ నుంచే వచ్చింది – సూట్‌కేసుల్లో, టైగర్ బామ్, నిడో పాలపొడి, అత్తరు సీసాలతో పాటు.

మావాడికి అది ఎలా అంటుకుందో చెప్పాలి. 2013లో ఒక నిర్మాణ కంపెనీలో స్కాఫోల్డింగ్ పనికి ఖతర్ వెళ్ళాడు. ఇనుప గొట్టాలను ఒకదానికొకటి బిగిస్తూ, కట్టడంతో పాటు తానూ పైకి ఎక్కే పని. క్యాంపు గదిలో ఎనిమిది మంది. ఇద్దరు మనవారు, ఇద్దరు నేపాలీలు, ఒక బంగ్లాదేశీ, ముగ్గురు మలయాళీలు. వారిలో మలప్పురం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు క్రేన్ దగ్గర పనిచేసేవారు. మలప్పురం వైపు వరికోతలయ్యాక పొలాలలో ఏడుగురేసి ఆడే ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఆయన చిన్నతనమంతా ఆ పొలాలలోనే గడిచింది. అక్కడ మనిషిని పరిచయం చేసుకున్నప్పుడు ఏ ఊరని అడిగాక, అర్జెంటీనానా బ్రెజిలా అని అడుగుతారట. మావాడిని ఆయన అడగలేదు. నువ్వు అర్జెంటీనా అని చెప్పేశారు.

2014 ప్రపంచకప్పు రమజాను మాసంలో వచ్చింది. జూలై 13న ఫైనల్, అర్జెంటీనాకు జర్మనీ ప్రత్యర్థి. దోహా కాలమానంలో ఆట రాత్రి పది గంటలకు మొదలైంది. తరావీహ్ ముగించుకొని, పగలంతా ఉపవాసంతో ఎండలో పనిచేసిన ఒళ్ళతో, క్యాంపు మెస్సులోని ఒక్క టీవీ ముందు వందల మంది కూర్చున్నారు. అదనపు సమయంలో 113వ నిమిషాన జర్మనీ గోలు చేసింది. అర్జెంటీనా ఓడింది. మలప్పురం పెద్దాయన ఏమీ అనకుండా లేచి సహ్రీ వంటకు ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టారు. “ఆ రోజు ఆయన కళ్ళ నీళ్ళు ఉల్లిగడ్డల వల్లే అనుకున్నాను మామూ” అని మావాడు నాకు చాలాసార్లు చెప్పాడు.

2018లో కంపెనీ వీరిని లుసైల్ స్టేడియం పనికి మార్చింది. అరబ్బుల పాతకాలపు ఫానూసు దీపాన్ని, నగిషీ పాత్రలను చూసి రూపం గీసిన ఆ కట్టడానికి 2017లో పని మొదలైంది. ఫైనల్ ఇక్కడే జరుగుతుందని తెలిసిన రోజు నుంచీ పెద్దాయన లెక్కలు వేసుకునేవారు – 2022కు మెస్సీకి ముప్పయ్యైదేళ్ళు వస్తాయి, ఆడతాడా, ఆడితే ఇక్కడికి వస్తాడా అని. 2019లో ఒక శుక్రవారం తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేపితే ఆయన లేవలేదు. నిద్రలోనే ప్రాణం పోయింది. కాగితాల మీద సహజ మరణమని రాశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇటువంటి మరణాలు ఎన్ని అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ప్రపంచకప్పు ఖతర్‌కు ఖరారైన తర్వాతి పదేళ్ళలో దక్షిణాసియాలోని ఐదు దేశాలకు చెందిన 6,500 మందికి పైగా అక్కడ మరణించారని బ్రిటిష్ దినపత్రిక గార్డియన్ 2021 ఫిబ్రవరిలో రాసింది. అది అన్ని రకాల పనులు, అన్ని రకాల కారణాలు కలిపిన సంఖ్య. ప్రపంచకప్పుకు సంబంధించిన పనుల్లో మరణించినవారు నాలుగైదు వందల మంది ఉంటారని ఖతర్ నిర్వాహక సంఘం అధిపతి 2022 నవంబరులో ఒక టీవీ ముఖాముఖిలో అన్నారు. వేసవిలో ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదన్న నిబంధన, వెయ్యి రియాళ్ళ కనీస వేతనం 2021లో అమలులోకి వచ్చాయి. మంచి పనే. మావాడు అంతకు ముందే, 2020లో కరోనా నాటి ప్రత్యేక విమానంలో ఇంటికి చేరాడు. రెండు నెలల జీతం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

ఇక ఆ రాత్రి సంగతి.

ఆట మన కాలమానంలో రాత్రి ఎనిమిదిన్నరకు. ఇషా జమాఅత్ అంతకు చాలా ముందే అయిపోయింది గనుక ఎవరికీ ఇబ్బంది లేదు. మస్జిదులో యువకులు రోజుటి కన్నా ఎక్కువగానే కనిపించారు. విత్రు నమాజు మాత్రం కొందరు ఇంత త్వరగా ముగించగా నేను మునుపు చూడలేదు. బయట మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులో పందేల లెక్క చూసుకుంటూ నన్ను చూసి జేబులో పెట్టుకున్నారు. ఆటను ఆటగా చూడటంలో నాకు అభ్యంతరం కనిపించదు. పండుగనాడు మస్జిదె నబవీ ఆవరణలో హబషీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) వారించలేదు సరికదా, హజ్రత్ ఆయిషా (రజి)కు చూపించారు కూడా. జూదం వేరు. ఈ ఫోను పందేలు మన చిన్న పట్టణాలలో ఎన్ని ఇళ్ళు ముంచుతున్నాయో తల్లిదండ్రులకు తెలిసేసరికి ఆలస్యమైపోతోంది. ఆ పిల్లలతో అప్పుడే నాలుగు మాటలు మాట్లాడాను. విన్నారో లేదో మరి.

ఇంట్లో ముందు గదిలో చాప పరిచారు. మా ఆపా గోడకు ఆనుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతోంది. నలభై ఏళ్ళుగా ఆ వేళ్ళు ఆగింది పండుగలకే. కొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపిన సంవత్సరాలలోనూ, పంపలేని సంవత్సరాలలోనూ ఇంటి కిరాణా ఆ చాటలోంచే వచ్చింది. కోడలు మక్కపేలాలు, చాయ్ తెచ్చి పెట్టింది. వాడలోని మరో ఇద్దరు గల్ఫ్ వాపసు మనుషులు వచ్చారు. మావాడి పదకొండేళ్ళ కొడుకు టీవీకి మరీ దగ్గరగా కూర్చున్నాడు. వాడు ఫ్రాన్సు పక్షం!

అంతకు ముందు నాలుగు వారాలు ఈ ఇంట్లో పక్షాల గొడవ లేదు. అందరూ మొరాకో వైపే. స్పెయిన్‌ను, పోర్చుగల్‌ను ఓడించి సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా దేశం, తొలి అరబ్ దేశం అది. గెలిచిన ప్రతిసారీ ఆటగాళ్ళు మైదానంలో సజ్దా చేయడం, వారి తల్లులు ప్రేక్షకుల మధ్య నుంచి దిగివచ్చి కొడుకులను హత్తుకోవడం చూసి మా ఆపా చాట పక్కన పెట్టిందట. డిసెంబరు 14న ఆ మొరాకోను ఫ్రాన్సు 2–0తో ఓడించింది. “అలాంటి ఫ్రాన్సును ఎలా సమర్థిస్తావురా?” అని నానమ్మ నిలదీస్తే మనవడు, “ఎంబాపే అమ్మ వాళ్ళది అల్జీరియా, దాదీ” అన్నాడు. డెంబెలే, కొనాటే ముస్లిములే అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. పిల్లవాడి మాటలో తప్పు లేదు.

23వ నిమిషంలో పెనాల్టీ. మెస్సీ గోలు చేశాడు. దోహాలో అప్పటికి ఇషా వేళ అయింది. అజాను ఆ హోరులో ఎవరికి వినిపించిందో. 36వ నిమిషంలో బంతి అర్జెంటీనా సగం నుంచి నాలుగైదు కాళ్ళు మారి డి మరియాను చేరింది, రెండో గోలు. ఆటలో ఓనమాలు తెలియని నాకు కూడా అది ఎంత అందంగా సాగిందో అర్థమైంది. విరామానికి ముందే ఫ్రాన్సు శిక్షకుడు ఇద్దరు ఆటగాళ్ళను మార్చేశాడు. పిల్లవాడి ముఖం వాడిపోయింది.

విరామంలో టీవీలో స్టేడియాన్ని పైనుంచి చూపించారు. మావాడు లేచి టీవీ దగ్గరకు వెళ్ళి వేలితో చూపుతూ, “ఇదిగో, కప్పు అంచు కింద ఈ వరస ఉంది చూడు, ఇక్కడ నాలుగు నెలలు ఉన్నాం” అన్నాడు. కొడుకు తల తిప్పి అడిగాడు: “నువ్వు లోపల ఆట చూశావా అబ్బూ?”

“లేదు. మేమున్నప్పుడు ఇంకా గడ్డి కూడా వేయలేదు.”

ఆ పిల్లవాడు పుట్టేటప్పటికి తండ్రి ఊళ్ళో లేడు. పెరిగిన సంవత్సరాలలో రెండు నెలల చొప్పున మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. వచ్చేశాక ఈ రెండున్నరేళ్ళలో ఒక్కనాడు కూడా అక్కడి పని గురించి కొడుకుతో మాట్లాడలేదట, వాడూ అడగలేదట. ఆ పదిహేను నిమిషాలలో మాత్రం అన్నీ చెప్పాడు. గొట్టం ఎంత బరువుంటుందో, జూలైలో ఇనుము చేతి తొడుగులోంచి కూడా ఎలా కాలుస్తుందో, పై నుంచి చూస్తే సముద్రం ఎటు కనిపిస్తుందో చెప్పాడు. ఫోనులో మలప్పురం పెద్దాయన ఫొటో తీసి చూపించాడు. ఎండకు కమిలిన ముఖం, తల మీద హెల్మెట్టు, నవ్వు. “ఈయన ఉంటే ఈ రోజు పిచ్చెక్కిపోయేవాడు” అన్నాడు. కోడలు ఖాళీ గ్లాసులు తీయడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

రెండో సగంలో ఎనభై నిమిషాల వరకు ఏమీ జరగలేదు. గల్ఫ్ వాపసు మనుషులలో ఒకాయన ఇక అయిపోయిందని చెప్పులు వెతుక్కోసాగాడు. 80వ నిమిషంలో ఫ్రాన్సుకు పెనాల్టీ, ఎంబాపే గోలు. ఆయన చెప్పు తొడిగేలోపల, రెండు నిమిషాలైనా గడవకుండానే, గాలిలోంచి దిగుతున్న బంతిని ఎంబాపే కొట్టిన తీరుకు గది నిశ్శబ్దమైపోయింది. 2–2. పిల్లవాడు ఎగిరి గంతేసి, తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాడు.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. మా ఆపా ఇంట్లో టీవీ ఇంటర్నెట్టు మీద నడుస్తుంది, వెనక వీధిలో డిష్షు. అక్కడి ఆట మనకన్నా కొన్ని క్షణాలు ముందు. కనుక ప్రతి గోలూ ముందు కేకగా వినిపించి, తర్వాత కంటికి కనిపిస్తుంది. అదనపు సమయం మొదలయ్యాక ఆ వీధిలో చిన్న అలికిడి అయినా మావాడి ఒళ్ళు బిగుసుకునేది. 108వ నిమిషంలో కేక వచ్చింది. ఎవరి గోలో తెలియని ఆ రెండు మూడు క్షణాలు నాకే ఊపిరాడలేదు. మెస్సీ. 3–2. పది నిమిషాలకు మళ్ళీ కేక. పెట్టె లోపల అర్జెంటీనా ఆటగాడు మోంటియెల్ చేతికి బంతి తగిలింది, ఎంబాపే మూడో గోలు. 3–3. చివరి క్షణాలలో కోలో మువానీ ఒక్కడే గోలు ముందు నిలబడి కొట్టిన బంతిని అర్జెంటీనా గోలుకీపర్ మార్టినెజ్ ఎడమ కాలు చాచి ఆపాడు. అది లోపలికి వెళ్ళి ఉంటే అంతా అక్కడితో ముగిసేది. ఆ ఒక్క దెబ్బకు మా ఆపా చేతిలోని తునికాకు చినిగింది.

పెనాల్టీలు మొదలవుతుంటే మావాడు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. బయట మంచి చలి. జామచెట్టు కింద, ఇంటికి వీపు పెట్టి, చెవులు రెండూ చేతులతో మూసుకొని నిలబడ్డాడు – వెనక వీధి కేకలు వినబడకుండా. నేను గడపలో నిలబడ్డాను. లోపలి నుంచి పిల్లవాడు ఒక్కొక్క పెనాల్టీకి పరుగెత్తుకొచ్చి, తండ్రి మోచేయి పట్టి కిందికి లాగి చెప్పడం మొదలుపెట్టాడు.

“ఎంబాపే కొట్టాడు.” “మెస్సీ కొట్టాడు.” “కోమాన్‌ది ఆపేశాడు అబ్బూ.” “డిబాలా కొట్టాడు.” “చువామెనీ బయటికి కొట్టాడు.” ప్రతిసారీ వాడి గొంతు తగ్గిపోతోంది, తన జట్టు ఓడిపోతున్న వార్తను తానే మోసుకొస్తున్నాడు. అయినా ఒక్కటి కూడా దాచలేదు, ఆలస్యం చేయలేదు. “పరేదెస్ కొట్టాడు.” “కోలో మువానీ కొట్టాడు.” తర్వాత వెళ్ళినవాడు వెంటనే రాలేదు. వెనక వీధిలో టపాసు పేలింది. మావాడు చేతులు చెవుల మీది నుంచి తీయలేదు.

పిల్లవాడు గడప దగ్గరకు వచ్చి, నన్ను తప్పించుకొని, మెల్లగా నడిచి వెళ్ళి తండ్రి ముందు నిలబడ్డాడు.

“మోంటియెల్ కొట్టాడు. అయిపోయింది. మీవాళ్ళు గెలిచారు.”

ఎవరి చేయి తగిలి ఫ్రాన్సుకు పెనాల్టీ వచ్చిందో ఆ మోంటియెలే చివరి బంతి కొట్టాడు. 4–2. మావాడు కేక వేస్తాడనుకున్నాను. వాకిట్లోని రాతి అరుగు మీద కూర్చొని చాలాసేపు నేల చూశాడు. తర్వాత దుఆకు చేతులెత్తాడు. నేను అటు చూస్తుంటే, “మెస్సీ కోసం కాదు మామూ” అన్నాడు. నాకు తెలుసు. నేనూ చేతులెత్తి ఆ మలప్పురం మనిషి మగ్ఫిరత్ కోరుతూ ఆమీన్ అన్నాను.

తరువాత మలప్పురానికి ఫోను చేశాడు. పెద్దాయన కుమారుడు ఎత్తాడు. అక్కడ ఊరంతా రోడ్డు మీదనే ఉన్నట్టుంది. డప్పులు, మోటారు సైకిళ్ళ హారన్లు, టపాసులు. ఇటు నుంచి హిందీలో మావాడు అరుస్తున్నాడు, అటు నుంచి మలయాళంలో ఆ కుర్రాడు అరుస్తున్నాడు. “ఏమంటున్నాడురా?” అని ఆపా లోపలి నుంచి అడిగింది. “ఏమీ వినిపించడం లేదమ్మీ” అన్నాడు గాని ఫోను మాత్రం పెట్టేయలేదు. స్పీకరు పెట్టి, ఆ చప్పుడు ఆగేదాకా, బహుశా ఆరేడు నిమిషాలు, అలాగే చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. పిల్లవాడు పక్కన కూర్చున్నాడు.

లోపల టీవీలో ఖతర్ అమీర్ షేక్ తమీమ్ మెస్సీ భుజాల మీద నల్లటి పలుచని బిష్త్ కప్పుతున్నారు. కప్పు అందుకునే వేళ జెర్సీ మీద ఈ అంగీ ఏమిటని వాడవారు తర్జనభర్జన పడుతుంటే, గల్ఫ్ వాపసు మనుషులు ఇద్దరూ ఒకేసారి వివరణ మొదలుపెట్టారు. షేకులు పెళ్ళిళ్ళకు, పండుగలకు ధరించే గౌరవ వస్త్రమది. వారిలో ఒకాయన పదేళ్ళు ఒక బిష్త్ దుకాణంలో ఇస్త్రీ చేశాడట. ఆయన చెప్పిన జరీ రకాలు వింటూ కూర్చుంటే రాత్రి ఒంటిగంట అయింది. ఫజ్ర్‌కు లేవాలని నేనే అందరినీ పంపించాను. లేచారు కూడా, మావాడి గొంతు పూర్తిగా పోయింది, సలాముకు బదులు తల ఊపాడు.

2023 మార్చిలో, పసుపు యార్డుకు వచ్చే రోజుల్లో, మావాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి సౌదీ, రియాద్‌కు; అదే స్కాఫోల్డింగ్ పని. ఆపా వద్దన్నది, కోడలు ఏమీ అనలేదు. పోయిన వారం ఫోనులో అడిగితే గదిలో మలయాళీలు ఎవరూ లేరని, అందరూ బిహారు వారని, రాత్రి పొద్దుపోయేదాకా క్రికెట్టే మాట్లాడుతారని చెప్పాడు. రొనాల్డో ఇప్పుడు రియాద్ జట్టులోనే ఆడుతున్నాడు కదా, చూశావా అని కొడుకు ప్రతి శుక్రవారం అడుగుతున్నాడట. ఇంకా చూడలేదు. ఆ వారం తాను ఎన్ని అడుగుల ఎత్తు ఎక్కాడో మాత్రం వాడికి లెక్క చెబుతున్నాడు. వాడు దాన్ని లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుంటున్నాడు.